కంబాలకొండలో నడక, కొండకర్లలో గాలం

వైజాగ్‌లో ఏళ్ల తరబడి ఉంటూ కంబాలకొండ లోపలికి ఒక్కసారి కూడా అడుగుపెట్టని వాళ్లు నాకు చాలామంది తెలుసు. హనుమంతవాక దాటి ఎండాడ, మధురవాడ వైపు వెళ్తుంటే హైవేకి కుడి పక్క జూ, ఎడమ పక్క కంబాలకొండ. సెలవు రోజున పిల్లల్ని తీసుకుని బయల్దేరిన వాళ్లలో ఎక్కువమంది కుడికే తిరుగుతారు. జూ మంచిదే, కాదనను. కానీ సిటీ బస్సు దిగి నడిచి వెళ్లేంత దగ్గరలో, చిరుతపులి స్వేచ్ఛగా తిరిగే అడవి ఉండడం ఎన్ని నగరాలకు దక్కుతుంది? మనకు దక్కింది. దాన్ని ఎలా చూడాలో తెలియక చాలామంది చూడకుండానే తిరిగొస్తున్నారు. ఆ బాధతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా అబ్బాయి ఏడో తరగతి. మా మావయ్యగారిది భీమిలి దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచీ ఆయనకు గాలం అంటే ప్రాణం. మా ముగ్గురివీ మూడు కోరికలు. నాకు పిట్టలు కావాలి, వాడికి కొండ ఎక్కాలి, ఆయనకు నీటి గట్టున కూర్చోవాలి. ఈ మూడూ ఒకేచోట దొరుకుతాయా అని నన్ను చాలామంది అడిగారు. దొరకవు. మొదటి రెండింటికీ కంబాలకొండ, మూడోదానికి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు. రెండింటి గురించీ చెప్తాను.

ముందు కంబాలకొండ. గేటు దాటగానే కనిపించే పార్కే కంబాలకొండ అనుకుంటారు చాలామంది. అసలు అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండేది, తర్వాత అటవీశాఖ కిందకు వచ్చింది. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. హైవే పక్కనున్న ఎకో టూరిజం పార్కు ఆ అడవిలో మనల్ని రానిచ్చే చిన్న ముక్క. అక్కడ చెరువులో బోటింగ్, తాళ్ల మీద నడిచే ఆటలు, జిప్ లైన్ ఉన్నాయి. పిల్లలకు సరదాగానే ఉంటుంది. వాటి గురించి నేను ఎక్కువ రాయను, అలాంటివి ఇంకోచోట కూడా దొరుకుతాయి. ఇక్కడ మాత్రమే దొరికేది అడవిలోకి వెళ్లే కాలిబాట. దానికోసమే వెళ్లండి.

కాలిబాటలో నడవాలంటే గైడ్‌ని తీసుకుని వెళ్లడం తప్పనిసరి అనుకోండి. గేటు దగ్గర ముందుగా మాట్లాడుకుని, పొద్దున్నే వస్తామని చెప్పి పెట్టుకోవాలి. టికెట్లు, టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి వెళ్లే ముందు కనుక్కోండి. గైడ్లు ఎక్కువగా కొండ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే. మాకు వచ్చిన అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. పుస్తకంలో పేర్లు నాకు తెలిస్తే, ఏ పొద కింద ఏది పడుకుంటుందో అతనికి తెలుసు. ఆ రోజు నేను స్టూడెంట్‌ని.

బాట చెరువు పక్కనుంచి మొదలై, కాసేపు ఎర్రమట్టి మీద సాగి, తర్వాత రాళ్లలోకి ఎక్కుతుంది. మన కైలాసగిరి, సింహాచలం కొండల్లో ఉన్న ఖొండలైట్ రాయే ఇక్కడా ఉంది. ఎండకీ వానకీ ఇది లోపల్నుంచి మెత్తబడి, విరిగి, ఆ ఎర్రమట్టి అవుతుంది. అందుకే చూడ్డానికి గట్టిగా ఉన్న రాయి మీద కాలు పెడితే పైపొర పెచ్చుగా ఊడి జారుతుంది. దిగేటప్పుడు మరీ జాగ్రత్త. చెప్పులు, శాండిల్స్ పనికిరావు, అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. ఎక్కడం మరీ కష్టమేమీ కాదు. మామూలుగా వాకింగ్ అలవాటున్న మనిషి ఆయాసపడుతూనైనా ఎక్కేస్తాడు. కష్టమంతా మన వైజాగ్ ఉక్కపోత. డిసెంబరులో కూడా పావుగంటకి చొక్కా తడిసిపోతుంది. మనిషికి లీటరు నీళ్లు చాలవు, రెండు పట్టుకెళ్లండి. లోపల కొనడానికి ఏమీ ఉండదు.

చాలామంది అడిగే మొదటి ప్రశ్న: చిరుత కనిపిస్తుందా? కనిపించదనే అనుకుని వెళ్లండి. అది రాత్రి తిరిగే జంతువు, పగలు మనం దాన్ని చూసేలోపే అది మనల్ని చూసి పక్కకు వెళ్లిపోతుంది. కానీ అది ఉందన్న సంగతి మాత్రం అడవి చెప్తుంది. ఒకచోట గైడ్ ఆగి, "ఇటు చూడండి మేడమ్, తొక్కకండి" అన్నాడు. బాట సరిగ్గా మధ్యలో, బొటనవేలంత లావున, తెల్లబారి ఎండిన పెంట. ఒక కొస సన్నగా మెలితిరిగి ఉంది. మా వాడు మూతి ముడిచాడు. గైడ్ పుల్లతో దాన్ని నెమ్మదిగా విప్పాడు. లోపలంతా గోధుమరంగు వెంట్రుకలు, వాటి మధ్య నల్లగా చిన్న గిట్ట ముక్క. "దుప్పి పిల్లదండి" అన్నాడు. అంతవరకూ మూతి ముడిచిన మా వాడు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఇది ఎన్నాళ్లదో ఎలా తెలుస్తుందని వాడి ప్రశ్న. కొత్తదైతే నల్లగా తడిగా ఉంటుంది, ఈగలు ముసురుతాయి, వాసన ముందే తెలిసిపోతుంది. తిన్న ఎముకల్లోని సున్నం మిగిలిపోయి, ఎండకి ఇలా తెల్లబడుతుంది. బాట మధ్యలోనే ఎందుకు వదిలింది అని మళ్లీ ప్రశ్న. దానికి నేను జవాబు చెప్పాను: ఈ దారిలో నేను తిరుగుతున్నాను అని మిగతా చిరుతలకు తెలియజెయ్యడానికి. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా పిల్లల మొహాల్లో రాని వెలుగు ఆ రోజు మా వాడి మొహంలో చూశాను.

ఇంకా దుప్పుల గిట్టల గుర్తులు, అడవిపందులు ముట్టెతో తవ్విన నేల, పగలగొట్టిన చెదపుట్టలు చూశాం. కణితి, అలుగు, పునుగుపిల్లి కూడా ఈ అడవిలో ఉన్నాయి. కంటికి కనిపించేవి మాత్రం పిట్టలే, వాటికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. నెమళ్ల అరుపులు ఎటూ వినిపిస్తాయి. జెముడుకాకి పొదల్లో బరువుగా గెంతుతూ ఉంటుంది. వడ్రంగి పిట్ట చప్పుడు విని, ఆ చెట్టు ఏదో వెతుక్కోవడంలోనే పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి. పాముల గద్ద ఎత్తులో తిరుగుతూ ఈల వేస్తే గైడ్ చూపించకముందే తలెత్తుతారు.

పొన్నంగి పిట్ట గురించి మాత్రం విడిగా చెప్పాలి. వీపు ఆకుపచ్చ, భుజం మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు. ఇన్ని రంగులుండీ అది నేల మీద ఎండుటాకుల్లో తిరుగుతుంటే పక్కనే ఉన్నా కనిపించదు. దాన్ని పట్టిచ్చేది దాని ఈల. తెల్లవారుజామున, పొద్దు గుంకేటప్పుడు రెండు స్వరాలతో ఈల వేస్తుంది. వానలు మొదలయ్యే ముందు రోజుల్లో ఒక ఉదయం ఆ ఈల విని కదలకుండా కూర్చున్నాం. ఆకులు కదిలాయి. అది ముక్కుతో ఒక్కొక్క ఆకునీ పక్కకి విసిరేస్తూ పురుగులు ఏరుకుంటోంది. పొట్టి తోకని మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తోంది. బైనాక్యులర్స్ పెట్టుకునే అవసరం కూడా రాలేదు. అలా కాసేపు తిరిగి, పొద కిందకు వెళ్లిపోయింది. మా మావయ్యగారు ఇంటికొచ్చాక కూడా ఆ ఈలని నోటితో వేసి చూపించేవారు.

ఇదంతా చప్పుడు చెయ్యని వాళ్లకే దక్కుతుంది. అసలు కోపం వచ్చింది ఒక ట్రిప్ ఆర్గనైజర్ మీద. నగరంలో ఇప్పుడు ఇలాంటి వాళ్లు చాలామంది తయారయ్యారు. నలభై మంది దాకా ఉన్న గుంపుని పోగు చేసి, "ఫారెస్ట్ ట్రెక్, బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ" అని డబ్బు వసూలు చేసి, బ్లూటూత్ స్పీకర్ పెట్టి నడిపిస్తారు. మేము ఒక రాతి మీద కూర్చుని ఉండగా అలాంటి బ్యాచ్ ఒకటి కిందనుంచి వచ్చింది. పాట ముందొచ్చింది, మనుషులు తర్వాత వచ్చారు. వాళ్లు దాటిపోయాక కూడా చాలాసేపు ఒక్క పిట్ట పలకలేదు. వాళ్లలో పిల్లలు ఉన్నారు, పాపం వాళ్లకి ఏమీ కనిపించలేదు. "ఇక్కడ ఏం లేవు" అనుకుంటూ వెళ్లిపోయారు. డబ్బు కట్టిన వాళ్లని నేను అనను, తీసుకొచ్చిన వాళ్లదే బాధ్యత. మీరు గుంపుతో వెళ్లేటట్టయితే ఆరుగురికి మించి వెళ్లకండి. నడిచేటప్పుడు ఒకరి వెనక ఒకరు, మాట్లాడాలంటే ఆగి మెల్లగా మాట్లాడుకోండి. ముదురు ఆకుపచ్చ, ఖాకీ, బూడిద రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా దూరం నుంచే తెలిసిపోతుంది. సెంటు రాసుకోకండి.

చిరుత ఉందంటే భయం కూడా సహజమే. కొండ అంచున ఉన్న కాలనీల వాళ్లు అప్పుడప్పుడు చిరుత కనిపించిందని చెప్తుంటారు. దానికి కారణం అర్థం చేసుకుంటే భయం కొంత తగ్గుతుంది. అడవి గోడ పక్కన చెత్త, మిగిలిన బిర్యానీ పొట్లాలు పారేస్తే కుక్కలు చేరతాయి. దుప్పిని వెంటాడి పట్టడం కంటే కుక్కని పట్టడం చిరుతకి తేలిక. కుక్కలు ఉన్నచోటికి చిరుత వస్తుంది. కాబట్టి తిన్న పొట్లాలు తిరిగి బ్యాగులో వేసుకోవడం శుభ్రత ఒక్కటే కాదు, ఆ పక్క ఇళ్ల పిల్లల భద్రత కూడా. లోపల నడిచేటప్పుడు పిల్లల్ని ముందుకు పరుగెత్తనివ్వకండి, గైడ్‌కీ మీకూ మధ్యలో ఉంచుకోండి. సాయంత్రం ఆలస్యం చేసుకోకండి.

నా ఉద్దేశంలో చిరుత కంటే చూసుకోవలసింది నేల. రక్తపింజర ఎండుటాకుల్లో చుట్టుకుని ఉంటే ఆకులకీ దానికీ తేడా తెలియదు. బాట దిగి పొదల్లోకి వెళ్లకండి, రాయి మీద కూర్చునే ముందు కర్రతో తట్టండి. వానల తర్వాత గడ్డి పెరిగినప్పుడు పిడుదులు పట్టుకుంటాయి. ప్యాంటు కొసలు సాక్సులోకి దోపుకుని, ఇంటికొచ్చాక పిల్లల చెవుల వెనక, మోకాళ్ల వెనక చూసుకోండి. చలికాలంలో దురదగొండి కాయలు బాట మీదకు వేలాడుతుంటాయి. వాటి మీదున్న బంగారు రంగు నూగు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, తగిలితే గంటల తరబడి గోక్కోవాలి. ఎండాకాలంలో సిగరెట్టు, అగ్గిపెట్టె అసలు వద్దు. మార్చి దాటాక ఆ గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎత్తు మీదకు ఎక్కాక చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తుంది. ఎడమ చేతివైపు ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కుడివైపు అడవి, ఎదురుగా నీళ్లు. అక్కడ గైడ్ హుద్‌హుద్ గురించి చెప్పాడు. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను మన ఊరి మీదుగానే తీరం దాటింది, మనందరికీ గుర్తే. కరెంటు, నీళ్లు, పాలు దొరకని ఆ రోజుల్ని మనం నగరంలో గుర్తు పెట్టుకున్నాం, కొండ మీద పడిపోయిన చెట్ల సంగతి అంతగా ఆలోచించలేదు. పెద్ద చెట్లు కూలిపోతే పైన కప్పు తెరుచుకుని నేల మీద ఎండ పడుతుంది. ఎండ పడిన చోటల్లా లంటానా అనే కలుపు పొద దూరుతుంది. అది గుబురుగా అల్లుకుంటే దుప్పులు మేసే గడ్డి రాదు, కొత్త మొక్క తలెత్తదు. కొన్నిచోట్ల రెండు పక్కలా లంటానా గోడల్లోంచే నడిచాం. మధ్యలో నేరేడు, తునికి మొక్కలు మళ్లీ లేస్తున్నాయి. వాటిని చూపిస్తున్నప్పుడు ఆ కుర్రాడి గొంతులో ఉన్న ఇష్టం నాకు బాగా నచ్చింది. ఆ ఒక్క కారణానికే గైడ్‌కి ఇచ్చే డబ్బు గురించి బేరం ఆడొద్దని చెప్తాను.

ఇక గాలం సంగతి. కంబాలకొండలో చెరువు చూడగానే మావయ్యగారి చేతులు ఊరుకోలేదు. "ఇందులో మట్టగిడసలు ఉండితీరతాయమ్మా" అన్నారు, గట్టున నిలబడి. ఉండొచ్చు. కానీ అభయారణ్యంలోంచి అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అదే చెప్తుంది, చేప అయినా అంతే. గాలం, వల సంచిలో పెట్టుకుని కూడా వెళ్లకండి. కొండకు అటుపక్క ముడసర్లోవ రిజర్వాయరు ఉంది. నీటి మీద తేలే సోలార్ ప్యానెళ్లు చూశారు కదా, అదే, 2018లో పెట్టిన 2 మెగావాట్ల ప్లాంటు. ఊరికి తాగునీరిచ్చే చెరువు అది. గట్టు మీంచి నీటికాకుల్ని, కొంగల్ని చూసుకోవచ్చు, అంతవరకే.

మావయ్యగారి కోసం కొండకర్ల ఆవకి వెళ్లాం. అది ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, అచ్యుతాపురం మండలం. వైజాగ్ నుంచి హైవే మీద అనకాపల్లి వెళ్లి, అక్కడి నుంచి మునగపాక, హరిపాలెం మీదుగా అచ్యుతాపురం రోడ్డు పట్టుకోవాలి. గంటన్నర పెట్టుకోండి. సొంత బండి ఉంటే మేలు. మంచినీటి సరస్సుల్లో మన రాష్ట్రంలో కొల్లేరు తర్వాత ఇదే పెద్దదని చెప్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ వలస బాతులు వస్తాయి, అప్పుడే వెళ్లాలి. సూర్యోదయానికి గట్టు మీద ఉంటే ఇంకా మంచిది. ఎండెక్కితే బాతులన్నీ నడిమధ్యకు వెళ్లిపోతాయి.

ఆవలో తిప్పేది తాటి దోనెల మీద. తాటి మొద్దు లోపలంతా తొలిచి దోనె చేస్తారు. అలాంటివి రెండు పక్కపక్కన కట్టి కూర్చోబెడతారు. దోనె నడిపే ఆయన వెనక నిలబడి పొడవాటి వెదురు గడతో నెడతాడు. ఎక్కగానే అటూ ఇటూ ఊగితే నాకు కొంచెం టెన్షన్ వచ్చింది. "కదలకండమ్మా, మధ్యలో కూకోండి, ఏం కాదు" అన్నాడు ఆయన. నిజంగానే ఏం కాలేదు. మీ పిల్లలకు ఈత రాకపోతే లైఫ్ జాకెట్ అడిగి వేయించండి. అక్కడ లేకపోతే ఎక్కించకండి, గట్టు మీంచి చూసినా చాలా కనిపిస్తాయి. ఇంజిన్ ఉండదు కాబట్టి చప్పుడు లేదు, పిట్టలు దగ్గరికి రానిస్తాయి. పర్సుకి కూడా పెద్ద బరువు కాదు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి.

తామరాకుల మధ్య నడిచే జకానా అనే నీటి పిట్టని మా వాడు మొదట చూశాడు. దాని కాలివేళ్లు ఒంటికి పొంతన లేనంత పొడవు. బరువు అంతా ఆకు మీద పరుచుకుంటుంది కాబట్టి ఆకు మునగదు. గుడ్లు పొదిగేది మగదేనని చెప్తే మావయ్యగారు నమ్మలేదు, దోనె ఆయన "నిజమే బాబుగారూ" అని సాక్ష్యం పలికాడు. నాకు మాత్రం నత్తగుల్ల కొంగ దగ్గరే సమయం అంతా గడిచిపోయింది. దాని ముక్కు మూసుకున్నా మధ్యలో అడకత్తెరలా సందు ఉంటుంది. లోతు తక్కువ బురదలో ముక్కు గుచ్చి వెతుకుతూ, ఒక నత్తని పట్టింది. పైకి ఎత్తలేదు, నీళ్లలోనే గుల్లని నేలకు నొక్కిపట్టి, కింది ముక్కు కొసని మూత సందులోంచి లోపలికి జొనిపి, కండని కోసి లాగేసింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. గడతో ఆ గుల్లని తీసి మాకు ఇచ్చాడు దోనె ఆయన. ఒక్క బీట కూడా లేదు. ఆ గుల్లని పగలగొట్టి తింటుందని చాలాకాలం అందరూ అనుకునేవారు. మా కాలేజీ ల్యాబ్‌లో ఇప్పుడు ఆ గుల్ల ఉంది.

గాలం వేయడానికి ముందు గట్టు మీది మత్స్యకారుల్ని అడిగాం. చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది ఆ ఆవ మీదే బతుకుతున్నారు. మనకు సరదా అయినది వాళ్లకు ఆ పూట కూర, ఆ రోజు కూలి. అడగకుండా వేయకండి, వలలు కట్టిన వైపుకు వెళ్లకండి. ఒక పెద్దాయన మావయ్యగారి చేతిలో గాలం చూసి, "జీలుగ బెండు కట్టారే!" అని ముచ్చటపడ్డాడు. ఇప్పుడు అందరూ ప్లాస్టిక్ బెండ్లే వాడుతున్నారట. ఆయనే ఒక చోటు చూపించాడు. గుర్రపుడెక్క లేని చిన్న ఖాళీ, పక్కనే తుంగ. వానపాము గుచ్చి వేశారు. ఇద్దరూ కూర్చుని కొర్రమీను గురించి మాట్లాడుకుంటుంటే నేను నోట్సు రాసుకున్నాను. కొర్రమీను నీళ్లలో గాలి చాలక మధ్యమధ్యలో పైకొచ్చి గాలి మింగి వెళ్తుంది, ఆ బుడగ ఎక్కడ లేచిందో చూసి గాలం వెయ్యాలి. వానాకాలంలో దాని పిల్లలు ఎర్రగా ముద్దకట్టి నీటి పైన తిరుగుతుంటాయి, వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఎర చూపిస్తే కోపంతో వచ్చి కరుస్తాయి, అప్పుడు పట్టుకోవడం చాలా తేలిక. "అప్పుడు పడితే పిల్లలన్నీ మిగతా చేపల పాలే, మేం పట్టం" అన్నాడు పెద్దాయన. మావయ్యగారు తల ఊపారు. వాళ్ల ఊళ్లో వాళ్ల నాన్నగారు కూడా అదే మాట అనేవారట.

పొద్దెక్కేలోపు పరిగెలు కొన్ని, ఒక మట్టగిడస పడ్డాయి. మట్టగిడస అరచెయ్యంత కూడా లేదు, వదిలేశారు. పరిగెలు పెద్దాయన ఇంటికి ఇచ్చాం. కొర్రమీను మాత్రం ఆయన దగ్గరే కొనుక్కున్నాం, పులుసుకి.

రెండు చోట్లకీ కలిపి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని కంబాలకొండ ఎక్కించకండి, చెరువు చుట్టూ కొంత దూరం నడిపిస్తే సరిపోతుంది, అక్కడా లకుముకి పిట్టలు కనిపిస్తాయి. వాళ్లకి కొండకర్ల ఎక్కువ నచ్చుతుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు దోనె వద్దు. బైనాక్యులర్స్ ఒకటి కొనుక్కోండి, 8x42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) అయితే అడవిలోనూ నీటి మీదా పనికొస్తుంది. మీకు ఫోటోలు ముఖ్యమైతే కొండకర్ల, అక్కడ వెలుతురు బాగుంటుంది. అడవిలో చీకటిగా ఉంటుంది, ఫోన్ కెమెరాతో నిరాశే. కంబాలకొండతో పాటు జూ కూడా చూద్దామనుకునే వాళ్లు సోమవారం పెట్టుకోకండి, జూకి ఆ రోజు సెలవు. అయినా ఒకే రోజు రెండూ వద్దనే నా సలహా. అడవిలో నడిచిన కాళ్లతో జూ అంతా తిరగలేరు.

కొండకర్ల నుంచి తిరిగి వచ్చేటప్పుడు మునగపాక దగ్గర ఆగండి. చలికాలంలో రోడ్డు పక్కనే బెల్లం వండుతుంటారు, ఆ వాసనకి బండి దానంతటదే ఆగుతుంది. పసుపుగా మెరిసే దిమ్మ తీసుకోవద్దు, ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు గోధుమరంగుది అడగండి, చూడ్డానికి మెరుపు లేకపోయినా రుచి దానిదే. సంక్రాంతికి ముందు వారాల్లో వెళ్తే పెనం మీంచి దింపిన వేడి బెల్లం ఆకులో పెట్టి ఇస్తారు, మా వాడు రెండోసారి కూడా అడిగి తిన్నాడు.